అత్తమ్మ కుట్టిన మోటారు సీట్లు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు కోదాడలో, పుట్టింట్లో ఉండగా తెలిసింది. పసిబిడ్డకు నలుగు పెడుతున్నాను. వాకిట్లో లారీ ఆగింది. సూర్యాపేట నుంచి బెజవాడ పోయే డ్రైవరు, మా ఇంటాయనకు బాగా తెలిసినవాడు, లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"చెల్లె, మీ అత్త పొద్దుగాల పానం ఇడిసింది. నువ్వు తొందరపడి రావద్దన్నడు మీ ఆయన. పచ్చి బాలెంతవు గదా" అన్నాడు.

మా అమ్మ నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. "ఇంత పసిగుడ్డుతో ఆ దుమ్ములో పడి ఎట్టా పోతావే?" అంది. నేను పోలేకపోయాను. చివరిచూపు దక్కలేదు.

సాయంత్రం దాకా ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. "పాపం, మంచి మనిషి. ఎవరి జోలికీ పోయేది కాదు" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. పోయినవాళ్ళ గురించి అందరూ అనే మాటే అది. కానీ అది వినగానే నా ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. మా అత్తమ్మ ఎవరి జోలికీ పోని మనిషి కాదు. పోవలసిన చోటికి ఎదురుగా పోయి నిలబడ్డ మనిషి. ఆమెను మెత్తగా, చప్పగా చేసి సాగనంపితే నాకు ఒప్పుదల కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో ఎవరైనా సూర్యాపేట నుంచి మిర్యాలగూడకో, కోదాడకో కిరాయి మోటారులో వెళ్ళి ఉంటే, నల్లటి డేరా గుడ్డ సీట్ల మీద కూర్చునే ఉంటారు. వెనక సీటుకు వీపు ఆనించే చోట పైనుంచి కింది దాకా ఎర్రదారంతో కుట్టిన పెద్ద కుట్టు ఒకటి ఉంటుంది. ఆ సీట్లు మా అత్తమ్మ కుట్టినవి.

ఆమెది పెన్‌పహాడ్ దగ్గర గొర్రెల కాపరుల ఇల్లు. మా మామయ్య తుంగతుర్తి దారిలో ఉన్న ఒక ఊరి దొర దగ్గర మోటారు నడిపేవాడు. పెళ్ళయినప్పటి నుంచి అదే పని. ఎండకాలం, వానకాలం, పండుగ, చావు, దేనికీ ఆగింది లేదు. ఆయన చూపు మందగించే సరికి దొర కొత్త మోటారు కొన్నాడు. పాతదాన్ని, ఇన్నేళ్ళ చాకిరీకి ఇనాముగా మామయ్యకు ఇస్తున్నానని నలుగురిలో చెప్పాడు.

ఇచ్చేముందు ఒక పని చేయించాడు. సీట్ల మీది తోలు అంతా ఊడబీకించి, కోటలాంటి తన గడి వెనక కాల్పించాడు. దొర, దొరసాని కూర్చున్న తోలు మీద డ్రైవరు కుటుంబం కూర్చోకూడదు. స్ప్రింగులు, చెక్కలు, అక్కడక్కడ మేకుల కింద చిక్కుకున్న తోలు పేలికలు మాత్రం మిగిలాయి. మామయ్య ఒక గోనెసంచి మడిచి వేసుకుని, దాని మీద కూర్చుని ఆ మోటారును సూర్యాపేటకు నడుపుకొచ్చాడు. కొట్టంలో పెట్టి, దిగి, కాళ్ళు కడుక్కుని పడుకున్నాడట. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. ఆ వానకాలమే జ్వరం వచ్చి పోయాడు.

నేను కాపురానికి వచ్చేసరికి మోటారు కొట్టంలోనే ఉంది. దాని మీద కోళ్ళు ఎక్కి కూర్చునేవి. మా ఆయనకు తండ్రి నేర్పిన డ్రైవింగు వచ్చు. పాత ఇనుము కింద అమ్మేద్దామని ఒకసారి, నాలుగు చెక్కలు కొట్టి గోనెలు పరిచి కిరాయికి తిప్పుదామని ఒకసారి అనేవాడు. ఒకరోజు అన్నం తింటూ మళ్ళీ ఆ గోనెల మాట ఎత్తాడు.

అత్తమ్మ చెయ్యి కడుక్కుంది. "మీ నాయిన గోనె మీద కూసొని తెచ్చిండు. నేను కూసోను. ఎవ్వర్ని కూసోబెట్టను. సీట్లు కుట్టిపిస్త" అంది.

మర్నాడే బజారులో దర్జీ దగ్గరికి పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది. అతను గుర్రపు బండ్ల గద్దెలు కుట్టడంలో పేరున్నవాడు. విషయం విని దుకాణం తలుపు సగం మూసేశాడు.

"అక్కా, దొర పీకిపిచ్చిన సీట్లు నేను కుట్టిన్నని తెలిస్తే నా మిషను ఉంటదా? నా పానం ఉంటదా? ఏమనుకోకు" అన్నాడు.

"ఏమనుకోను. నువ్వు కుట్టకు. ఎట్ల కుడతరో జెప్పు" అంది అత్తమ్మ.

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. గుడ్డను ముందే నీళ్ళలో నానబెట్టి ఆరేయాలి, లేకపోతే వానకు తడిసి బిగుసుకుపోయి కుట్లు తెగుతాయి. మందం ఎక్కువున్న చోట మైనం రుద్దితే సూది దిగుతుంది. మూలలు మిషనుతో రావు, దబ్బనంతో చేత్తో కుట్టాలి. అంతే. ఆ మాటలు పట్టుకుని ఇంటికి వచ్చాం.

ఇంట్లో మిషను నాది. పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన చేతి మిషను. దాంతో రవికలు, లంగాలు తప్ప వేరే కుట్టి ఎరగను. "అత్తయ్యా, అంత మందం గుడ్డ దీనికి ఎక్కదు, సూది విరిగిపోద్ది" అన్నాను.

"ఇరిగితే ఇంకోటి ఏస్తం. ముందుగాల నువ్వు అత్తయ్య అనుడు బందు పెట్టు. అయ్యను గాదు నేను. అత్తమ్మ అను" అంది. కోదాడ మాట మా ఇంట్లో అప్పటితో ఖతం అయింది. అప్పటి నుంచి అత్తమ్మే.

గుడ్డ మా నాన్న తెప్పించాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న డేరా గుడ్డ బెజవాడలో దొరుకుతున్న రోజులు. దాన్ని బండిలో వేసి, కోదాడ దాకా వచ్చాక, దొర మనుషుల కంటపడకుండా పైన గడ్డి కప్పి పంపాడు. నీళ్ళలో వేస్తే ఆకుపచ్చ రంగు మురికి దిగింది. అత్తమ్మ దాన్ని కరక్కాయ కషాయంలో, తుప్పు ఇనుము నానేసిన నీళ్ళలో మార్చి మార్చి ముంచింది. గొంగళ్ళ అంచులకు నల్లరంగు వేసుకునే పద్ధతి అది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. గుడ్డ కాకిరెక్కలా నల్లబడింది. ఆమె చేతులు కూడా. ఆ చేతులతోనే అందరికీ అన్నం వడ్డించేది.

కొలత తీయడానికి పాత తొడుగు లేదు, కాలిపోయింది కదా. అత్తమ్మ తన పాత చీర ఒకటి తెచ్చి సీటు చెక్క మీద బిగించి పరిచింది. చుట్టూ బొగ్గుతో గీత గీసింది. ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడ చిటికెడు బట్ట మడిచి ముడి వేసింది. చీర తీసి, గీతల వెంట కత్తిరించి, ఆ ముక్కలను డేరా గుడ్డ మీద పరిచాం. కుట్టుకు బొటనవేలి మందం వదిలి కోయమంది. నేను వదలడం మరచిపోయి ఒక ముక్క గీత మీదే కోశాను. గుడ్డ పాడైంది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"ఏడిస్తే సూది కనబడదు. పని అయినంక ఏడువు, నేను గూడ ఏడుస్త" అంది.

స్ప్రింగుల మీద ముందు గొంగడి పరిచాం. ఆమె అన్న తెచ్చి ఇచ్చిన పాత గొంగళ్ళు, నీళ్ళలో ఉడికించి ఎండబెట్టినవి. దాని మీద కొబ్బరిపీచు, ఆపైన ఏకిన పత్తి. పీచు ఒక్కచోట పోగుపడకుండా నిలువుగా గీతలు వేసి కుట్టింది. నేను మిషను పిడి తిప్పుతుంటే, ఆమె రెండు చేతులతో గుడ్డ బరువు ఎత్తి పట్టుకుని మెల్లగా నెట్టేది. సూదులు విరిగాయి. పిడి తిప్పి తిప్పి నా భుజం పట్టేసింది. మూలల దగ్గర నేను ఆగిపోయేదాన్ని. ఆమె దబ్బనం తీసుకుని, గుడ్డ అంచు లోపలికి మడిచి, మూలకు మూల కలిపి చేత్తో కుట్టేసేది. "కూసున్నోళ్ళకు కుట్టు కనబడొద్దు పిల్లా. గుచ్చుకోవద్దు. వాళ్ళు ఎప్పుడూ మెత్తటి దాని మీద కూసోలె" అనేది.

సగం పనిలో ఉండగా దొర మనిషి ఒకడు వచ్చాడు. కొట్టం ముందు నిలబడి సీట్లకేసి చూశాడు. "ఏమే, గద్దెలు తయారైతున్నయ్. ఎవరు కూసుంటరు వీటి మీద?" అన్నాడు.

"ఎక్కినోళ్ళు కూసుంటరు" అంది, తల ఎత్తకుండా.

"గొర్రెలోళ్ళా?"

"ఎక్కితే గొర్రెలు గూడ కూసుంటయ్."

అతను కోపంతో వెళ్ళిపోయాడు. తర్వాత మా ఆయన భయపడ్డాడు. "అమ్మా, ఎందుకే గట్ల మాట్లాడతవ్?" అని అడిగాడు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "నాకు భయం కాలేదనుకున్నవా? అయింది. అయితే ఏంది, చేతులైతే ఆగలే గదా."

మోటారు రోడ్డెక్కిన మొదటి రోజు ఎక్కినవాడు మా వీధి వకీలు. మిర్యాలగూడ కచేరీలో పని. తెల్లటి పంచె కట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. దిగేసరికి పంచె వెనకభాగం నల్లగా అయిపోయింది. కరక్కాయ రంగు ఇంకా వదులుతోంది. సాయంత్రం ఇంటికి వచ్చి అరిచాడు. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. "వకీలు సాబ్, పంచె ఇటియ్యి, ఉతికిస్త. మీరు మాత్రం మల్లొకసారి ఎక్కాలె" అంది. ఆ వారమంతా సీట్లను పటిక నీళ్ళతో తుడిచి తుడిచి రంగు నిలబెట్టాం. వకీలు మళ్ళీ ఎక్కాడు. కాకపోతే నల్లకోటు విప్పి కింద పరుచుకుని కూర్చున్నాడు.

ఆడవాళ్ళు ఎక్కడానికి జంకేవారు. అందుకని అత్తమ్మ తానే వెనక సీట్లో కూర్చుని పోయేది. ఆమెను చూసి ఒకరొకరు ఎక్కేవారు. పత్తి ఏరే కూలీలు, గాజులమ్మే వాళ్ళు, పుట్టింటికి పోయే పిల్లలు. చాలామంది ఎక్కగానే కింద, కాళ్ళు పెట్టుకునే చోట చతికిలబడేవారు. అత్తమ్మ రెక్క పట్టి పైకి లాగేది. "నా మోటారుల కింద కూసునుడు లేదు" అనేది. అది వేడుకోవడం కాదు, ఆజ్ఞ.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి. తుంగతుర్తి వైపు చుట్టాలింట్లో పెళ్ళికి పోయి తిరిగి వస్తున్నాం. మా ఆయన నడుపుతున్నాడు, నేను ముందు సీట్లో, అత్తమ్మ వెనక. దారిలో ఒక కూలి మనిషి, అతని తల్లి కలిసి గర్భిణి అయిన అతని భార్యను మంచం మీద మోసుకుంటూ ఎదురయ్యారు. పొద్దుటి నుంచి నొప్పులు, మంత్రసాని చేతులెత్తేసింది, సూర్యాపేట దవాఖానకు పోతున్నామని చెప్పారు. అత్తమ్మ అప్పటికే దిగి ఆ పిల్లను వెనక సీటు మీద పడుకోబెడుతోంది. తల తన ఒళ్ళో పెట్టుకుంది. కూలి మనిషి, అతని తల్లి ఆ పిల్ల కాళ్ళ వైపు సర్దుకుని కూర్చున్నారు.

ఆ దారిలోనే దొర గడి. గడి ముందు నుంచి ఎవరూ చెప్పులతో నడవకూడదు, బండి మీద కూర్చుని పోకూడదు. దిగి, తల వంచుకుని నడవాలి. పొద్దున మేం ఆ గోల లేకుండా చేన్ల మధ్య నుంచి చుట్టుదారిన పోయాం. ఇప్పుడు ఆ గతుకుల్లో ఈ పిల్లను తీసుకుపోతే బతకదు.

"సీదా పోనియ్" అంది అత్తమ్మ.

గడి ముందు అడ్డంగా నిలబడ్డాడు, అప్పుడు మా కొట్టానికి వచ్చిన ఆ మనిషే. చేతిలో కొడవలి. మా ఆయన బ్రేకు వేశాడు.

"దిగుండ్రి. అందరు. గడి దాటేదాంక నడువుండ్రి."

"అన్నా, నొప్పులు పడుతున్నది, ఎట్ల దిగుతది?" అన్నాడు మా ఆయన.

"మోసుకపో. సీటు మీద కూసొని దొర గడి ముందట పోతరా?"

కూలి మనిషి, అతని తల్లి అప్పటికే దిగిపోయారు. నేను తలుపు మీద చెయ్యి వేశాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది, ఏమాత్రం హెచ్చకుండా.

"పిల్లా, కూసో. ఆమె దిగది, నేను దిగ. ఈ సీటు మీ దొర ఇయ్యలే. ఆయన తోలు ఆయన కాలవెట్టుకున్నడు. ఇది నేను కుట్టుకున్న."

అతను మోటారు పక్కకు వచ్చి కొడవలి ఎత్తాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చర్రుమని గుడ్డ చిరిగిన చప్పుడు. కళ్ళు తెరిచేసరికి వెనక సీటు వీపు భాగం పైనుంచి కింది దాకా చీలిపోయి ఉంది, అత్తమ్మ భుజం పక్కనే. పత్తి బయటికి వచ్చి ఆ పిల్ల జుట్టు మీద పడుతోంది. అత్తమ్మ కదల్లేదు. పత్తి తీసి పక్కన పెట్టింది.

"కొయ్యి. ఇంకా కొయ్యి. నేను మల్ల కుట్టుకుంట. నాకు కుట్టుడొచ్చు" అని, కొడుకుతో "పోనియ్ బిడ్డా" అంది.

గడి ముందు అప్పటికే జనం పోగయ్యారు. ఎవరూ ఇళ్ళలోకి పోలేదు. దిగిన కూలి మనిషి మళ్ళీ ఎక్కాడు, తల్లిని చెయ్యిపట్టి ఎక్కించాడు. కొడవలి మనిషి ఆ జనం వైపు చూస్తుండగానే మోటారు కదిలింది. సూర్యాపేట దవాఖానలో ఆ పిల్లకు ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు.

ఇంటికి వచ్చి అత్తమ్మ పెట్టె తెరిచి ఎర్రదారం తీసింది. నల్లగుడ్డకు నల్లదారం ఉండగా ఎర్రది ఎందుకని అడిగాను.

"ఇది కనబడాలె" అంది.

ఆ చీలికను ఇద్దరం చెరో వైపు నుంచి పట్టుకున్నాం. ఆమె దబ్బనంతో ఒక్కో కుట్టూ లాగి బిగిస్తూ పోయింది. సగంలో ఉండగా గుమ్మంలో అలికిడి. బజారు దర్జీ. చంకలో తన సామాను సంచి. చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు. "అక్కా, కింది సగం నాకియ్యి" అన్నాడు. అత్తమ్మ జరిగి చోటిచ్చింది.

దాని ఫలితం మేం అనుభవించాం. మాకు పెట్రోలు అమ్మేవాళ్ళు లేకుండా పోయారు. మోటారు తగలబెడతారని కబురు వచ్చింది. అత్తమ్మ కొట్టానికి తాళం వేయలేదు. మోటారు తీయించి, మిషనూ నన్నూ అందులో ఎక్కించి, కోదాడ వచ్చింది. వియ్యపురాలి ఇంట్లో ఆడపెళ్ళివారి తిండి తింటూ ఎలా ఉంటుందని మా అమ్మ లోలోపల కంగారుపడింది. ఆమె ఆ పూటే చీపురు పట్టుకుని మా పశువుల కొట్టం ఊడ్చి, "వదినా, నేను సుట్టాన్ని గాదు, పనున్నది వచ్చిన" అంది. కోదాడ నుంచి మిర్యాలగూడకు మోటారు తిప్పాం. ఆ నెలల్లో మా వీధి ఆడపిల్లలందరికీ మిషను పిడి తిప్పడం నేర్పింది.

తర్వాత కాలం మారింది. ఎలా మారిందో మీకందరికీ తెలుసు. దొర పట్నం వెళ్ళిపోయాడు. మేం సూర్యాపేటకు తిరిగి వచ్చాం. వచ్చిన కొద్ది రోజులకే అత్తమ్మ నన్ను, కొడుకును ఎక్కించుకుని తుంగతుర్తి దారి పట్టించింది. గడి ముందు మోటారు ఆపమంది. దిగలేదు. సీటు మీద కూర్చునే ఆకు, వక్క, సున్నం తీసి తీరిగ్గా తాంబూలం వేసుకుంది. గడి గోడ నీడలో ఒక మనిషి మూలుగుతూ పడుకుని ఉన్నాడు. ఆ కొడవలి మనిషే. చిక్కి సగమయ్యాడు, కాలికి పుండు, మూగిన ఈగలు. దొర పోతూ అతన్ని వదిలేసి పోయాడు.

అత్తమ్మ చాలాసేపు చూసింది. నాకు ఆమె ముఖంలో జాలి ఏమీ కనబడలేదు.

"దవాఖానకు పోవాల్నా?" అంది.

అతను తల ఊపాడు. మా ఆయన రెక్క పట్టి తీసుకొచ్చాడు. అతను వెనక సీటు, ఆ ఎర్రకుట్టు చూసి, కింద కూర్చోబోయాడు.

"పైన కూసో. లేకుంటే దిగి నడు" అంది. కూర్చున్నాడు. సూర్యాపేట దవాఖాన ముందు దింపాక, "నేను మాఫ్ జేయలే. యాది పెట్టుకో" అంది. మా అత్తమ్మ మంచి మనిషే. ఆ మంచితనం ఎటువంటిదో తెలియాలని ఈ మాట కూడా దాచకుండా రాస్తున్నాను.

ఈ చలికాలం ఆమెకు దగ్గు పట్టింది. నా పురుడు కోదాడలో జరగాలని పంపించింది తనే. పోయిన రోజు తెల్లవారుజామున ఊపిరి అందక దవాఖానకు తీసుకుపోతుంటే వెనక సీట్లో పడుకోమన్నాడట మా ఆయన. పడుకోనని, ముందు కొడుకు పక్కనే నిటారుగా కూర్చుని పోయిందట. దారిలోనే ప్రాణం పోయింది. కూర్చునే పోయింది.

నేను బిడ్డను తీసుకుని నిన్ననే సూర్యాపేట తిరిగి వచ్చాను. మా ఆయన తీసుకురావడానికి వచ్చాడు. కోదాడ దాటి కొంత దూరం వచ్చాక రోడ్డు పక్కన ఒక గొర్రెల కాపరి చెయ్యి ఎత్తాడు. గొంగడిలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల. మేమెవరమో అతనికి తెలియదు. ఎక్కాడు, వెనక సీట్లో ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఎక్కడ కూర్చోవాలని ఎవరినీ అడగలేదు. గొర్రెపిల్లను పక్కన వదిలాడు. అది వణికే కాళ్ళ మీద లేచి, ఒకసారి పడి, మళ్ళీ లేచి, ముందుకాళ్ళు వీపు భాగం మీద ఆనించి నిలబడింది. వెనక లేస్తున్న దుమ్మును, దూరమైపోతున్న రోడ్డును చెవులు నిక్కబొడుచుకుని చూస్తూ సూర్యాపేట దాకా అలాగే నిలబడి వచ్చింది.